మా నాన్నగారూ, ఆయన మద్రాసు గురువుగారూ

మద్రాసు మెరీనా బీచ్‌కి వెళ్ళిన తెలుగువాళ్ళలో కార్మికుల విగ్రహం ముందు ఫొటో దిగనివాళ్ళు తక్కువ. గోచీలు బిగించిన నలుగురు మనుషులు ఒక పెద్ద బండరాయిని కదపడానికి ఒంట్లో ఉన్న బలమంతా పెడుతూ ఉంటారు. 1959 రిపబ్లిక్ డేకి ముందురోజు దాన్ని అక్కడ నిలబెట్టారు. పేరు ట్రయంఫ్ ఆఫ్ లేబర్. చేసిందెవరని అడిగితే మాత్రం పదిమందిలో ఒక్కరు కూడా చెప్పలేరు. దేవీప్రసాద్ రాయ్ చౌదరి అనే ఆ పేరు మా ఇంట్లో నా చిన్నప్పుడు దాదాపు రోజూ వినపడేది. మా నాన్నగారికి ఆయన గురువు.

మాది పిఠాపురం దగ్గర ఒక పల్లె. మా తాతగారు గుళ్ళకి వాహనాలు చెక్కేవారు. గరుడ వాహనం, హనుమద్వాహనం, హంస, అప్పుడప్పుడు రథానికి బొమ్మలు. ఆయన దగ్గర కొలతంతా ఒక కొబ్బరి ఈనెలో ఉండేది. ముఖం ఎంత పొడవుందో అంత ఈనె తుంపుకుని, దాన్ని ఒక తాళం అనుకుని, నిలబడ్డ దేవుడు ఇన్ని తాళాలు, అమ్మవారు ఇన్ని తాళాలు అని లెక్కకట్టి చెక్క మీద గీతలు పెట్టేవారు. అది తరతరాలుగా చేతికి వచ్చిన శాస్త్రం. మా నాన్నగారు కూడా ఆ ఈనెతోనే మొదలుపెట్టారు. కానీ పద్దెనిమిదేళ్ళకి మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చేరతానని పట్టుబట్టారు. పార్క్ టౌన్‌లో బంగారప్పని చేసే మేనమామ ఉండబట్టి తాతగారు ఒప్పుకున్నారు గానీ, లేకపోతే కుదిరేది కాదు. 1949లో సామర్లకోటలో మద్రాస్ మెయిల్ ఎక్కించి వచ్చారట.

ఆ స్కూలు సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోనే, పెరియమెట్‌లో ఉంది. అలెగ్జాండర్ హంటర్ అనే బ్రిటిష్ డాక్టరు 1850లో మొదలుపెట్టాడు. చాలాకాలం దొరలే దాన్ని నడిపారు. 1929లో రాయ్ చౌదరి గారు పగ్గాలు పట్టుకున్నారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. పుట్టింది 1899లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ జిల్లా తాజ్‌హాట్‌లో. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నారు, హిరణ్మయ్ రాయ్‌చౌధురి దగ్గర శిల్పం నేర్చుకున్నారు. కుస్తీ పట్టేవారు, వేటకి వెళ్ళేవారు, వేణువు వాయించేవారు, బెంగాలీలో కథలు రాసేవారు. నాన్నగారు ఈ చిట్టా చెబుతూ కుస్తీ దగ్గర తప్పకుండా ఆగేవారు. కుస్తీ పట్టినవాడికి కండ గురించి పుస్తకం చదవక్కర్లేదురా, ఎదుటివాడి బరువు తన ఒంటి మీద పడినప్పుడు ఏ కండ బిగుస్తుందో వాడికే తెలుస్తుంది అనేవారు. ఇప్పుడు ఆ నలుగురు కార్మికుల్ని ఎప్పుడు చూసినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

రాయ్ చౌదరి గారి దగ్గర చదువుకున్నవాళ్ళ పేర్లు తర్వాత దేశమంతా తెలిశాయి. కె.సి.ఎస్. పణిక్కర్ అక్కడే చదివి, ఆయన తర్వాత అదే స్కూలుకి పెద్ద అయ్యాడు, 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని మొదలుపెట్టాడు. కలకత్తా గ్రూప్ అనే కళాకారుల బృందంలో ముఖ్యుడైన శిల్పి ప్రదోష్ దాస్‌గుప్తా కూడా కొన్నాళ్ళు ఇక్కడ నేర్చుకున్నవాడే. మన విజయనగరం అంత్యాకుల పైడిరాజు గారూ ఆ గురువు శిష్యుడే. మా నాన్నగారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఆయన డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యారు. సాయంత్రాలూ, ఆదివారాలూ, వేసవి సెలవులూ ఊళ్ళవాళ్ళకి విగ్రహాలు చేశారు. గోదావరి జిల్లాల్లో మా వైపు రోడ్ల కూడళ్ళలో కనపడే సిమెంటు గాంధీలూ, నెహ్రూలూ, ప్రకాశం పంతులు గార్లూ, కాటన్ దొరలూ, అందులో కొందరు మా పెరట్లో పుట్టారు.

మద్రాసులో నాన్నగారు చదువుకున్న బళ్ళు రెండు. ఒకటి పెరియమెట్‌లోది. రెండోది, అక్కణ్ణించి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్న అమరావతి గది. మన కృష్ణ ఒడ్డున తవ్వితీసిన స్తూపం రాళ్ళు కొన్ని లండన్‌కి పోగా, చాలా వరకు మద్రాసులో ఉండిపోయాయి. నలగిరి ఏనుగుని బుద్ధుడు లొంగదీసిన గుండ్రటి పలక ఒకటుంది. మదమెక్కిన ఏనుగు వీధిలోకి దూసుకొస్తూ ఉంటుంది, జనం కకావికలైపోతుంటారు, అదే ఏనుగు ఆ పలకలోనే ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ఆదివారం పూట నాన్నగారు ఆ పలక ముందు నేల మీద కూర్చుని స్కెచ్‌బుక్ నింపేవారట. తాతగారి ఈనెలో లేనిదేదో అక్కడ దొరికింది. బుద్ధుడి కంటే బెదిరిపోయి వెనక్కి వాలుతున్న మనుషుల నడుములు ఎక్కువ గీసేవారు. దేవుడి బొమ్మలో కొలత తప్పకూడదు, మనిషి బొమ్మలో బరువు తప్పకూడదు అని నాకు నేర్పింది ఆయనే.

ఇక 1952. నాన్నగారి జీవితంలో ఆ సంవత్సరం చాలా పెద్దది. మైలాపూర్‌లో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు గారు అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. సాంబమూర్తి గారు మా కాకినాడలో వకీలు, తర్వాత మద్రాసు శాసనసభకి స్పీకరు, అందుకని మా వాళ్ళకి అది దాదాపు మన ఊరి ఇల్లు కిందే లెక్క. మద్రాసులో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్ళంతా గుంపులుగా వెళ్ళి చూసొచ్చేవారు. నాన్నగారూ వెళ్ళారు. మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు గారు పోయేనాటికి 58 రోజులు. మర్నాడు శవయాత్రలో నడిచిన సంగతి నాన్నగారు ఎప్పుడు చెప్పినా సగంలో ఆపేసేవారు, మిగతాది మేం అడిగేవాళ్ళం కాదు.

రాయ్ చౌదరి గారు బెంగాల్ కరువు మనుషుల్ని కంచులో చేసిన కాలం కూడా అదే. 1943లో తిండి లేక లక్షల మంది చచ్చిపోయిన కరువది. కండలు తిరిగిన మనుషుల్ని అంత ఇష్టంగా చేసే చెయ్యి, అదే చేత్తో చర్మం కింద ఎముక తప్ప ఇంకేమీ మిగలని మనుషుల్ని చేసింది. నాన్నగారు అటు గురువుగారి బొమ్మల్లో ఆకలినీ చూశారు, ఇటు మైలాపూర్‌లో మంచం మీద నిజం ఆకలినీ చూశారు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. ఆకలి ఒంట్లో ఎక్కడెక్కడ కనపడుతుందో ఆయనకి కంఠతా వచ్చేసింది. ముందు కణతలు లోపలికి పోతాయి, తర్వాత మెడ దగ్గర కంటె ఎముక పైన గుంట పడుతుంది, తర్వాత చేతి మణికట్టు ఉండాల్సినదానికంటే పెద్దదిగా కనపడుతుంది అని చెప్పేవారు. ఈ మాటలు ఆయన నాకు చెప్పింది నేను హైస్కూల్లో ఉండగా, ఒక పంచాయితీ నడుస్తున్నప్పుడు.

మా పక్క ఊరి కమిటీ వాళ్ళు శ్రీరాములు గారి విగ్రహం కావాలని వచ్చారు. నిలువెత్తు బొమ్మ, సిమెంటుది. నాన్నగారికి అంత సంతోషం కలిగించిన బేరం నేనెప్పుడూ చూడలేదు. బయానా ఎంతని కూడా అడగలేదు, మా అమ్మ లోపల్నించి గొంతు సవరించాక అడిగారు.

ఆ పని ఎలా సాగిందో కాస్త చెప్పాలి, ఎందుకంటే విగ్రహం అంటే రాయి చెక్కడమనే చాలామంది అనుకుంటారు. ముందు ఇనుప చువ్వలు వంచి మనిషి ఎముకల గూడు కట్టేవారు. దానికి అక్కడక్కడ తీగతో చిన్న చెక్క ముక్కలు అడ్డంగా కట్టి వేలాడదీసేవారు. మట్టి బరువుకి కిందికి జారిపోకుండా ఆ ముక్కలు పట్టుకుంటాయి. చెరువు బంకమట్టి నానబెట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి ఇవ్వడం నా పనీ మా తమ్ముడి పనీ. నాన్నగారు మట్టి అంటించడం మొదలుపెట్టారంటే ఇంక మాటలుండవు. చింతచెక్కతో తనే చేసుకున్న పుల్లలుండేవి గానీ సగం పని బొటనవేలితోనే. రాత్రి తడి గోనెపట్టాలు కప్పేవాళ్ళం. ఎండాకాలంలో అర్ధరాత్రి లేచి మళ్ళీ నీళ్ళు చల్లాలి. ఒక్కరోజు మర్చిపోతే మట్టి నెర్రెలు విచ్చుకుంటుంది.

మట్టి బొమ్మ పూర్తయ్యాక దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొయ్యాలి. అదే అచ్చు. ఈ ప్లాస్టర్ మొదటి పూతలో మాత్రం బట్టలకి వేసే నీలిమందు కలిపేవారు. మా అమ్మ అరలో పెట్టుకున్న నీలిమందు ఎప్పుడూ ఉండేది కాదు. ఎందుకు కలుపుతారో నాకు చాలాకాలం తెలీలేదు. నీలం పూత మీద తెల్లటి ప్లాస్టర్ మందంగా వేస్తారు. ఆరాక అచ్చు విప్పి, లోపలి మట్టి తీసేసి, సబ్బునీళ్ళు రాసి, ఇనుప ఊచలు పెట్టి సిమెంటు పోస్తారు. సిమెంటు గట్టిపడ్డాక పైనున్న అచ్చుని ఉలితో కొంచెం కొంచెంగా పగలగొట్టాలి. తెల్లది ఎగిరిపోతున్నంతసేపూ ఉలి ధైర్యంగా వెయ్యొచ్చు. నీలం కనపడిందా, ఇంక గోరు మందంలో విగ్రహం చర్మం ఉందని అర్థం. అక్కణ్ణించి ఊపిరి బిగబట్టి పని చెయ్యాలి. ఆ నీలం పొర ఊడి కింద సిమెంటు కన్నో ముక్కో బయటపడే క్షణం కోసం ఇంటిల్లిపాదీ పెరట్లో చేరేవాళ్ళం. అప్పుడే పుట్టిన పిల్లాడి మొహం చూడ్డానికి వచ్చినట్టు పక్కింటివాళ్ళూ వచ్చేవారు.

శ్రీరాములు గారి మట్టి బొమ్మ తయారయ్యాక, అచ్చు పొయ్యకముందే కమిటీవాళ్ళు చూడ్డానికొచ్చారు. నాన్నగారు గోనెపట్టా తీశారు. దీక్షలో ఏభయ్యో రోజున మైలాపూర్‌లో చూసిన మనిషిని చేశారు. కొల్లాయి చుట్టుకుని, ఒక చెయ్యి పక్కనున్న దిమ్మ మీద ఆనించి నిలబడి ఉంటారు. పక్కటెముకలు, మెడ దగ్గర గుంటలు, మణికట్టు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ప్రెసిడెంటు గారు మెల్లగా అన్నారు: “మాస్టారూ, తమరి పనితనానికి వంక పెట్టలేమండీ. కానీ ఆయన మనకోసం ప్రాణం పెట్టిన మహానుభావుడు కదండీ. ఇలా ఎముకల గూడు పెడితే పిల్లలు జడుసుకుంటారండి. కాస్త బుగ్గలు పెట్టండి. పంచె కండువా వేసెయ్యండి.”

నాన్నగారు లోపలికెళ్ళి ఒక పాత పుస్తకం తెచ్చారు. అందులో లాహోర్ మ్యూజియంలోని గాంధార శిల్పం ఫొటో ఉంది. బోధి చెట్టు కిందికి చేరకముందు కఠోరమైన ఉపవాసాలు చేసిన సిద్ధార్థుడు. ఎముకలూ నరాలూ తప్ప ఏమీ లేని బుద్ధుడు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి వాళ్ళు దేవుణ్ణే ఇలా చేసి దణ్ణం పెట్టుకున్నారండీ, ఎవరూ జడుసుకోలేదు అన్నారు. వాళ్ళు ఫొటో మర్యాదగా అటూ ఇటూ తిప్పి చూశారు. మాట మార్చుకోలేదు.

ఆ రాత్రి తాతగారు అన్నదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. వాహనాలు చెక్కే మనిషి, ఈనె కొలత తప్పితే ఒప్పుకోనివాడు, కొడుకు మద్రాసు చదువుని పూర్తిగా మెచ్చుకోనివాడు, మట్టి బొమ్మ చుట్టూ లాంతరు పట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, “మార్చకురా. ఆయన పస్తున్నాడని తెలియకపోతే ఆయనెందుకు అక్కడ నిలబడ్డాడో ఎవరికి తెలుస్తుంది?” అన్నారు.

మార్చక తప్పలేదు. బేరం పోతే సిమెంటు అప్పు, ఇనుము అప్పు ఎవరు తీరుస్తారు? నాన్నగారు బుగ్గలు పెట్టారు. పంచె కట్టారు, కండువా వేశారు. కానీ కండువాని భుజం చివరికి జరిపి, మెడ దగ్గర గుంటల్ని అలాగే ఉంచేశారు. మణికట్టు ముట్టుకోలేదు. ఆ రెంటి గురించి ఎవరూ అడగలేదు. ఇవాళ కూడా ఆ కూడలికి వెళ్ళి చూస్తే, మొహం ఎవరిదైనా కావచ్చనిపిస్తుంది. మెడా మణికట్టూ మాత్రం శ్రీరాములు గారివే. దిమ్మ మీద పాలరాతి పలకలో మంత్రిగారి పేరు, దాతల పేర్లు, కమిటీ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. చేసినవాడి పేరు లేదు. మా జిల్లాలోనే కాదు, ఎక్కడ విగ్రహం చూసినా నేను ముందు ఆ పలకే చదువుతాను. కొబ్బరికాయ కొట్టినవాళ్ళ పేరుంటుంది గానీ శిల్పి పేరుండదు. ఇది నాకు నిజంగా కడుపు మండే విషయం. పాట వింటే రాసిందెవరు, పాడిందెవరు అని అడుగుతాం. నలభై ఏళ్ళు ఊరి నడిబొడ్డున నిలబడే బొమ్మ గురించి ఎందుకడగం?

1960ల చివర్లో ఒక వేసవిలో మమ్మల్ని మద్రాసు తీసుకెళ్ళారు. జూ, సెంట్రల్ స్టేషను, సినిమా స్టూడియోలు చూడాలని మా గోల. నాన్నగారు ముందు ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర మన్రో దొర విగ్రహం దగ్గరికి నడిపించారు. పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో. రాయలసీమలో ఇప్పటికీ మంచివాడని చెప్పుకునే దొర. లండన్ శిల్పి చాంట్రీ చేసిన కంచు గుర్రం మీద కూర్చుని ఉంటాడు. జీనూ లేదు, రికాబులూ లేవు. శిల్పి మర్చిపోయాడని జనం కథలు చెప్పుకుంటారు. నాన్నగారు ఆ కథలు పట్టించుకోకుండా గుర్రం చుట్టూ తిరిగి డొక్కలూ తొడలూ గీసుకున్నారు. ఆయనకి అప్పటికి కాటన్ దొర గుర్రం బేరం ఒకటి వచ్చి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి డెల్టాకి నీళ్ళిచ్చిన కాటన్ అంటే మా వైపు ఊరూరా విగ్రహం ఉండాల్సిందే, కుదిరితే గుర్రం మీదే. మా ఊళ్ళో గుర్రమంటే జట్కా గుర్రమే. బక్క ప్రాణం. దాన్ని చూసి చేస్తే దొర బరువుకి కూలిపోయేలా ఉంటుంది. అందుకని మన్రో గుర్రపు ఒళ్ళు, పిఠాపురం జట్కా గుర్రపు చెవులూ కలిపి చేశారు. ఆ చెవులు చాలా బాగుంటాయి. ఇప్పటికీ ఉన్నాయి.

సాయంత్రం మెరీనాకి వెళ్ళాం. 1959లోనే పెట్టిన గాంధీ గారి విగ్రహం కూడా ఆ ఒడ్డునే ఉంది, అదీ రాయ్ చౌదరి గారిదే. కర్రతో గబగబా నడిచిపోతున్న గాంధీ. అది చూపించి, కార్మికుల దగ్గరికి తీసుకెళ్ళారు. నాన్నగారు స్కూలు వదిలేశాక తయారైన బొమ్మది, ఆయనా మొదటిసారి చూస్తున్నారు. ముందు నిలబడి కాసేపు చూసి, ఒక్కసారిగా “అరె, వీడు మన వాచ్‌మన్!” అన్నారు. స్కూల్లో రాత్రి కాపలా ఉండే మనిషినే రాయ్ చౌదరి గారు మోడల్‌గా నిలబెట్టుకున్నారు. రోజూ గేటు దగ్గర కనపడిన మనిషి అంత ఎత్తున కంచులో, సముద్రం ఎదురుగా. నాన్నగారు మా అమ్మ చెయ్యి పట్టుకుని వాచ్‌మన్ పిక్కలు చూపించడం నాకు కళ్ళకి కట్టినట్టుంది. మన్రో లాంటి దొరకి గుర్రం మీద చోటిచ్చిన నగరంలో ఆ ఒడ్డున కూలివాళ్ళకి ముందు చోటు దొరికింది. మన దేశంలో మొదటి మేడే 1923లో కార్మిక నాయకుడు సింగారవేలు గారి ఆధ్వర్యంలో జరిగిందీ ఆ ఊళ్ళోనే కదా.

తర్వాత వెనక్కి తీసుకెళ్ళారు. “ముందు నుంచి అందరూ చూస్తారు. శిల్పి వీపులో దొరుకుతాడు” అన్నారు. నిజమే. వెన్ను రెండు పక్కలా కండ ఎలా తాడులా మెలిపడిందో, ఏ కాలి మీద బరువుందో, ఏ మడమ నేలలోకి దిగబడుతోందో అక్కణ్ణించే తెలుస్తుంది. పైన తోలు నున్నగా ఉండదు. మట్టి ముద్ద అంటించిన గుర్తులు అలాగే కంచులోకి వచ్చాయి. మా ఊరి కమిటీలు మాత్రం ఎప్పుడూ నున్నగా కావాలనేవి. అక్కణ్ణించి నీళ్ళ అంచుకి వెళ్తే జాలర్లు వల లాగుతున్నారు. నాన్నగారు నన్ను వాళ్ళ వెనక నిలబెట్టి, ఆ కాళ్ళు చూడు, తర్వాత ఈ కాళ్ళు చూడు అని అటూ ఇటూ తిప్పారు. రెండు చోట్లా ఒకటే పిక్క, ఒకటే బరువు. నాకు బొమ్మ చూడ్డం వచ్చింది ఆ సాయంత్రమే. బొమ్మ చెయ్యడం రాలేదు, బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను.

రాయ్ చౌదరి గారు 1975 అక్టోబరు 15న పోయారు. లలిత కళా అకాడెమీకి మొదటి అధ్యక్షుడు, 1958లో పద్మభూషణ్. అయినా మా వైపు పేపర్లో చిన్న వార్త. నాన్నగారు ఆ ముక్క కత్తిరించి పుల్లల పెట్టెలో దాచుకున్నారు. పాట్నాలో గురువుగారు చేసిన అమరవీరుల స్మారకం చూడాలని చాలా కోరిక. 1942 ఆగస్టు 11న సచివాలయం మీద జెండా ఎగరెయ్యడానికి వెళ్ళి తూటాలకి పడిపోయిన ఏడుగురు కుర్రాళ్ళ విగ్రహాలు. ఒకడు జెండా పట్టుకుని ముందుకు ఉరుకుతుంటాడు, ఒకడు ఒరిగిపోతుంటాడు. ఫొటోలే చూడగలిగారు. ఢిల్లీ మాత్రం రిటైరయ్యాక వెళ్ళొచ్చారు. సర్దార్ పటేల్ మార్గ్ మొదట్లో గాంధీ గారు ముందు నడుస్తుంటే వెనక పదిమంది నడిచే ‘గ్యారా మూర్తి’ ఉంది. దండి యాత్ర. గురువుగారు పూర్తిచెయ్యకుండానే పోతే తర్వాత పూర్తిచేసి నిలబెట్టారు. టాక్సీవాడు ఆపనంటే దిగి నడిచి వెళ్ళారట.

ఆ బొమ్మే మన పాత 500 రూపాయల నోటు వెనక వైపు ఉండేది, 2016 నవంబరులో నోటు రద్దయ్యేదాకా. ఆ సంగతి తెలిసిన దగ్గర్నించీ నాన్నగారు 500 నోటు మామూలుగా ఇచ్చేవారు కాదు. కిరాణా కొట్టులో నోటు తిరగేసి గల్లా మీద పెట్టి, “ఇది మా మాస్టారు చేసిందండీ” అని చెప్పి, తర్వాతే సరుకుల లెక్కకి వచ్చేవారు. కొట్టు సుబ్బారావు గారు ఎన్నో వేల నోట్లు లెక్కపెట్టిన మనిషి, వెనక ఏముందో అప్పుడే మొదటిసారి చూశాడు. పొట్లాలు కట్టే కుర్రాణ్ణి కూడా పిలిచి చూపించాడు. ఇంక నాన్నగారికి పట్టపగ్గాలుండవు. వెనక బేరాలు ఆగిపోయినా సరే, గాంధీ గారి కర్ర నేలని ఎక్కడ తాకుతోందో, వెనకవాడి మోకాలు ఎందుకలా వంగిందో, అంత బరువున్న కంచు ముందుకు నడుస్తున్నట్టు ఎందుకుంటుందో ఆ కుర్రాడికి విడమర్చి చెప్పందే కొట్టు మెట్లు దిగేవారు కాదు.